చిన్న కారు, తేలికపాటి ట్రైలర్: తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది అమెరికాలో, నార్త్ కరోలినాలో. టయోటా హైలాండర్ హైబ్రిడ్ కారు వెనక, పడకలూ వంటిల్లూ ఉన్న పదహారు అడుగుల ట్రైలర్ తగిలించుకుని నాలుగేళ్ళుగా తిరుగుతున్నాం. ఏ బర్త్‌డే పార్టీకి వెళ్ళినా, చేతిలో ప్లేటుతో ఎవరో ఒకరు పక్కన చేరి అవే ప్రశ్నలు అడుగుతారు. చెప్పిందే చెప్పలేక ఇలా రాసి పెట్టాను. మీకు ఏ ప్రశ్న కావాలంటే అది చదువుకోండి, వరసగా చదవక్కర్లేదు. బరువులన్నీ పౌండ్లలోనే ఇచ్చాను, ఇక్కడి స్టిక్కర్లూ కాటాలూ అన్నీ పౌండ్లలోనే ఉంటాయి కాబట్టి. 1,000 పౌండ్లంటే సుమారు 454 కిలోలు.

## కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

హోటల్లో దిగితే పోయేదానికి ఇదంతా ఎందుకు?

డబ్బు మిగులుతుందని అనుకుంటే మాత్రం కొనకండి. ఇన్సూరెన్సు, పార్కింగ్ అద్దె, టైర్లు, రెట్టింపు పెట్రోలు అన్నీ కలిపితే ఏడాదికి పది రాత్రులు వాడేవాళ్ళకు హోటలే చవక. మేం కొన్నది వంటింటి కోసం. మా నాన్నకి రెండో పూటకే పిజ్జా మొహం మొత్తుతుంది. షెనాండోవా నేషనల్ పార్కులో పొద్దున్నే తలుపు తీస్తే పదడుగుల దూరంలో జింక, స్టవ్ మీద డికాక్షన్. ఆ సుఖం ఏ హోటల్లోనూ దొరకలేదు. అలాంటిది మీకు అక్కర్లేదనుకుంటే హోటలే హాయి.

కొనే ముందు అద్దెకు తీసుకుని చూడొచ్చా?

చూడొచ్చు కాదు, చూడాలి. ఔట్‌డోర్సీ, ఆర్‌వీషేర్ లాంటి వెబ్‌సైట్లలో సొంతదారులే అద్దెకిస్తారు. మీ కారుతో లాగేంత తేలికది దొరక్కపోతే, వాళ్ళే తెచ్చి క్యాంప్‌గ్రౌండ్‌లో పెట్టి వెళ్ళే ఏర్పాటు కూడా కొందరి దగ్గర ఉంటుంది. నా సలహా, వాన పడే వీకెండ్ చూసి తీసుకోండి. వానలో పిల్లలతో ఆ డబ్బాలో రెండు రోజులు గడిపితే ఎంత చోటు కావాలో తేలిపోతుంది.

మా హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు డ్రైవ్‌వేలో పెట్టనివ్వరు. మరెక్కడ పెట్టుకోవాలి?

చాలా కమ్యూనిటీల్లో ఇదే గొడవ. కొన్నిచోట్ల సామాను ఎక్కించుకోడానికి ఒకటి రెండు రోజులు ఒప్పుకుంటారు. మిగతా రోజులకు స్టోరేజ్ లాట్ చూసుకోవాలి. నేను నెలకు 65 డాలర్లు కడుతున్నాను, పైకప్పు లేదు. గరాజ్‌లో పట్టే ట్రైలర్లూ ఉన్నాయి: నీటిబొట్టు ఆకారపు టియర్‌డ్రాప్‌లు, గుడ్డ గోడలతో మడిచేసే పాప్‌అప్‌లు, త్రికోణంగా లేచే ఎ-ఫ్రేమ్‌లు. తలుపు ఎత్తు ఏడడుగులు అని నోటి లెక్క వేయకండి, టేపు పెట్టి కొలవండి.

లైసెన్స్ వేరే కావాలా?

ఈ సైజు ట్రైలర్లకు అక్కర్లేదు. మామూలు కారు లైసెన్సే చాలు.

లీజు కారుకి హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) వేయించొచ్చా?

ముందు లీజు కాగితాలు చదవండి. మార్పులు చేస్తే తిరిగి ఇచ్చేటప్పుడు డబ్బు పట్టుకునే కంపెనీలు ఉంటాయి, లాగడమే వద్దని రాసుకునేవీ ఉంటాయి. ఇలాంటిది ఫోన్లో మాట్లాడి వదిలేయకుండా ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

## కారు సంగతి

మా రావ్4, సీఆర్-వీ, సియెన్నా ఎంతెంత లాగుతాయి?

ఒకే పేరు మీద వచ్చిన కార్లలోనే చాలా తేడాలుంటాయి. 2019 నుంచి 2025 వరకు వచ్చిన రావ్4 మామూలు పెట్రోలు మోడల్ 1,500, హైబ్రిడ్ 1,750, ప్లగ్-ఇన్ 2,500, అడ్వెంచర్ ట్రిమ్ (అంటే అదే కారులో ఒక వేరియంట్) 3,500. ఇప్పటి సీఆర్-వీ పెట్రోలుది 1,500, హైబ్రిడ్ 1,000. సియెన్నా, ఓడిస్సీ 3,500. సుబారు ఔట్‌బ్యాక్ మామూలు ఇంజిన్‌తో 2,700, టర్బోతో 3,500. హైలాండర్ పెట్రోలు 5,000, హైబ్రిడ్ 3,500. పక్కింటాయన రావ్4 లాగుతోంది కదా అని మీరు కొనేయొద్దు, ఆయనది ఏ ట్రిమ్మో మీకు తెలియదు. మీ కారు మాన్యువల్లో టోయింగ్ అధ్యాయం తీసి మీ ట్రిమ్ అంకె చూసుకోండి.

మా కారు టో రేటింగ్ (లాగగల గరిష్ఠ బరువు) 3,500. అంటే 3,500 పౌండ్ల ట్రైలర్ కొనొచ్చు కదా?

నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. ఎక్కువమంది తప్పులో కాలేసేదీ ఇక్కడే. చిన్న కార్లలో ముందుగా నిండిపోయేది టో రేటింగ్ కాదు, పేలోడ్, అంటే కారు తన మీద మోయగల బరువు.

డ్రైవర్ తలుపు తీయండి. పక్క ఫ్రేమ్ మీద పసుపూ తెలుపూ కలిసిన టైర్ల స్టిక్కర్ ఒకటి ఉంటుంది. లోపల కూర్చునే మనుషులూ సామానూ కలిపి ఇంత దాటకూడదు అని అందులో ఉంటుంది. మా కారుకి అది 1,310. ట్రైలర్ ముక్కు కారు హిచ్ మీద మోపే బరువు, అంటే టంగ్ వెయిట్, కూడా ఈ 1,310లోనే పడుతుంది. మంచి ట్రైలర్‌లో టంగ్ వెయిట్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి.

మా ఇంటి లెక్క చూడండి. నేను 170, మా ఆవిడ 140, పిల్లలిద్దరూ 80, 55, అమ్మ 135, నాన్న 150. మొత్తం 730. హిచ్, దాని సరంజామా 50. డిక్కీలో సామాను 150. ట్రైలర్ నింపాక 3,060 తూగింది, దాని ముక్కు బరువు 370. అన్నీ కలిపితే 1,300. మిగిలింది పది పౌండ్లు. దారిలో ఇండియన్ స్టోర్‌లో ఆగి ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తా ఒకటి డిక్కీలో వేస్తే లెక్క దాటినట్టే. టో రేటింగ్ చూస్తే ఇంకా 440 పౌండ్లు ఖాళీ ఉన్నట్టు కనిపిస్తుంది, ఆ ఖాళీ మాత్రం మాకు దేనికీ పనికిరాదు.

అందుకే నేను ట్రైలర్ నుంచి మొదలుపెట్టొద్దంటాను. స్టిక్కర్ అంకెలోంచి ముందు మనుషుల్ని, సామానుని, హిచ్‌ని తీసేయండి. మిగిలినదాన్ని 0.13తో భాగించండి. ఆ వచ్చిన అంకెకీ మీ టో రేటింగ్‌కీ మధ్య ఏది తక్కువైతే అదే మీ ట్రైలర్ హద్దు. ఇంకొక మెలిక: హోండా ఓడిస్సీ లాంటి వాటి మాన్యువల్లో, కార్లో మనుషులు పెరిగేకొద్దీ లాగగలిగే బరువు తగ్గిపోతున్నట్టు పట్టికే ఇస్తారు.

యూరప్‌లో బుల్లి కార్లతో ఇంతింత కారవాన్లు లాగుతారు కదా, ఇక్కడే ఎందుకింత భయం?

అక్కడి పద్ధతి వేరు. ముక్కు మీద బరువు తక్కువ పడేలా కారవాన్లు కడతారు, అందుకు తగ్గట్టు వేగమూ తక్కువే. జర్మనీలో ట్రైలర్‌తో మామూలు హద్దు గంటకు 80 కిలోమీటర్లు, ప్రత్యేక అనుమతి ఉంటే 100. ఇక్కడ ఇంటర్‌స్టేట్ మీద 65 మైళ్ళలో, అంటే 105 కిలోమీటర్లలో పోతూ ఆ లెక్కలు పట్టుకోలేం. యూట్యూబ్‌లో చూసి ఇక్కడి కారుకి అక్కడి రేటింగ్ అంటగట్టకండి.

టెస్లా మోడల్ వైతో కుదురుతుందా?

టో ప్యాకేజీ ఉంటే 3,500 వరకు లాగుతుంది, బ్రహ్మాండంగా లాగుతుంది. సమస్య రేంజ్, అంటే ఒక చార్జికి వెళ్ళగలిగే దూరం. నిటారుగా ఉండే ట్రైలర్ తగిలిస్తే రేంజ్ సగానికి పడిపోతుందనుకోండి. దానికి తోడు చాలా సూపర్‌చార్జర్ (టెస్లా చార్జింగ్) స్టాళ్ళు కారుని వెనక్కి పెట్టుకునేవి, ట్రైలర్‌తో పట్టవు. పార్కింగ్ లాట్‌లో ఓ మూల ట్రైలర్ విప్పి, చార్జ్ చేసుకుని, మళ్ళీ తగిలించాలి. రెండు గంటల దూరంలో ఉన్న స్టేట్ పార్కులకైతే చక్కగా సరిపోతుంది. పిల్లల్ని వేసుకుని ఎల్లోస్టోన్ దాకా అంటే నేను సాహసించను.

హిచ్ ఒక్కటి వేయిస్తే చాలా?

చాలదు. హిచ్‌కి క్లాసులున్నాయి: క్లాస్ 1 అంటే 2,000 పౌండ్ల వరకు, క్లాస్ 2 అంటే 3,500. క్లాస్ 3లో రెండంగుళాల రిసీవర్ (కడ్డీ దూర్చే గొట్టం) వస్తుంది. పెద్ద క్లాస్ హిచ్ వేసినంత మాత్రాన కారు రేటింగ్ పెరగదు, అది గుర్తుపెట్టుకోండి. ట్రైలర్‌కి ఎలక్ట్రిక్ బ్రేకులుంటే కారుకి 7-పిన్ వైరింగ్, లోపల ఆ బ్రేకులను నడిపే బ్రేక్ కంట్రోలర్ కావాలి. లైట్లు మాత్రమే వెలిగించే 4-పిన్ పనికిరాదు. కొన్ని కార్లకు ట్రాన్స్‌మిషన్ కూలర్ కూడా ఉంటేనే పూర్తి రేటింగ్ వర్తిస్తుంది.

బ్రేకుల చట్టం రాష్ట్రానికో రకం. కాలిఫోర్నియాలో క్యాంపింగ్ ట్రైలర్ 1,500 పౌండ్లకు చేరితే బ్రేకులు ఉండాలి, టెక్సస్‌లో 4,500 దాటితేనే. చాలా కార్ల మాన్యువల్స్ మాత్రం 1,000 దాటితే బ్రేకులు ఉండాలంటాయి. ఈ విషయంలో చట్టం కన్నా మాన్యువల్ మాటే వినండి.

## ట్రైలర్ ఎంచుకునేటప్పుడు

బ్రోషర్‌లో బరువు 2,450 అని ఉంది. నమ్మొచ్చా?

అది డ్రై వెయిట్, అంటే ఫ్యాక్టరీలోంచి ఖాళీగా బయటికొచ్చినప్పటి బరువు. మా ట్రైలర్ బ్రోషర్‌లో సరిగ్గా 2,450 అనే ఉంది. మొదటి ప్రయాణంలో ట్రక్ స్టాప్‌లో కాటా వేస్తే 3,060 తూగింది. 610 పౌండ్లు ఎక్కడి నుంచి వచ్చాయా అని చీటీ మీద రాసుకున్నాను: నిండు గ్యాస్ సిలిండర్ 37, బ్యాటరీ 50, ఇరవై గ్యాలన్ల నీళ్ళు 167, తర్వాత బిగించిన ఏసీ, ఆనింగ్ (తలుపు ముందు పరిచే గుడ్డ పందిరి) కలిపి 130. మిగతా 226 మేం ఎక్కించిన సామానే: గిన్నెలు, పరుపులు, కుర్చీలు, ఇడ్లీ పాత్ర, మా ఆవిడ వదలనన్న చిన్న వెట్ గ్రైండర్.

మీరు చూడాల్సింది ట్రైలర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద జీవీడబ్ల్యూఆర్ అని ఉండే అంకె. నింపాక దాటకూడని గరిష్ఠ బరువు అది. ఆ అంకె మీ హద్దులోపు ఉంటే నిశ్చింత. లేదంటే డ్రై వెయిట్‌కి కనీసం 500 కలుపుకుని ఆలోచించండి.

చిన్న కార్లకు ఎలాంటివి దొరుకుతాయి?

1,500 పౌండ్లు లాగే కారుకి టియర్‌డ్రాప్‌లు ఉన్నాయి: లోపల పరుపు మాత్రమే, వంట వెనక డిక్కీ ఎత్తి బయట. మిన్నసోటాలోని బాకస్‌లో తయారయ్యే స్కాంప్ పదమూడు అడుగుల ఫైబర్‌గ్లాస్ ట్రైలర్ ఖాళీగా 1,200 నుంచి 1,500 తూగుతుంది. సామానుతో హద్దు దాటకుండా చూసుకోవాలి. కాస్త పెద్ద కార్లకు నూక్యాంప్ వాళ్ళ ట్యాబ్ 320 ఉంది, ఖాళీగా 2,000కి అటూ ఇటూ. 3,500 లాగే కార్లకు టెక్సస్‌లో చేసే కసీటా, ఎయిర్‌స్ట్రీమ్ బేస్‌క్యాంప్ 16 లాంటివి. బేస్‌క్యాంప్ ఖాళీ బరువు సుమారు 2,600, గరిష్ఠం 3,500.

నా మొగ్గు గుడ్డు ఆకారపు ఫైబర్‌గ్లాస్ ట్రైలర్ల వైపే. రెండు చిప్పలు కలిపి అతికించినట్టు ఉంటాయి, అతుకులు తక్కువ కాబట్టి కారడమూ తక్కువ. పాతబడ్డా ధర పడిపోదు. అదే కొనబోయేవాళ్ళకు ఇబ్బంది, సెకండ్‌హ్యాండ్‌లోనూ చవగ్గా దొరకవు.

పాప్‌అప్ కొనాలనుకుంటే ఒకటి తెలుసుకోండి. ఎలుగుబంట్లు తిరిగే చోట్ల గుడ్డ గోడలు ఒప్పుకోని క్యాంప్‌గ్రౌండ్‌లు ఉన్నాయి. ఎల్లోస్టోన్‌లోని ఫిషింగ్ బ్రిడ్జ్ అలాంటిదే, గట్టి గోడలున్న వాటికే చోటు.

బరువు తక్కువైతే చాలు కదా, ఎత్తు ఎందుకు?

హైవే మీద మీ కారు లాగేది బరువుని కన్నా ఎక్కువగా గాలిని. ఒకే బరువున్న రెండు ట్రైలర్లలో కారు ఎత్తు దాటని దాన్ని లాగడం, గోడలా నిలబడినదాన్ని లాగడం ఒకటి కాదు. కొన్ని మాన్యువల్స్‌లో ట్రైలర్ ముందు భాగం ఇన్ని చదరపు అడుగులు దాటకూడదని కూడా ఉంటుంది. ముందు భాగం వాలుగా, గుండ్రంగా ఉన్నవి చూడండి.

అమ్మానాన్న ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు. ఆరుగురం పడుకునేది దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ చిన్న కారుతో లాగడం కుదరదు. అంతస్తుల పడకలున్న బంక్‌హౌస్‌లు పదిహేను పదహారు అడుగుల్లోనూ ఉన్నాయి, కానీ ఖాళీగానే 3,000 పౌండ్ల దగ్గర ఉంటాయి. మేం చేసేది ఇది: పెద్ద పరుపు అమ్మకీ నాన్నకీ, బల్ల మడిస్తే వచ్చే పడక పిల్లలకి, బయట గుడారం మాకు. మూడేళ్ళుగా మొగుడూ పెళ్ళాం గుడారంలోనే పడుకుంటున్నాం, ట్రైలర్ కొన్నది మేమే!

పెద్దవాళ్ళున్నప్పుడు రెండు చూడండి. పరుపు గోడకి ఆనుకుని ఉంటే, లోపలివాళ్ళు రాత్రి బాత్రూమ్‌కి లేవాలంటే పక్కవాళ్ళని దాటాలి. మోకాళ్ళ నొప్పులుంటే అది నరకం. రెండోది మెట్టు ఎత్తు. డీలర్ దగ్గరికి వాళ్ళనే తీసుకెళ్ళి ఎక్కించి దించండి. ఇంకో మాట, కదిలే ట్రైలర్‌లో ఎవర్నీ కూర్చోబెట్టకండి. "నాన్న కాసేపు నడుం వాల్చుకుంటారు" అన్నా సరే.

లోపల టాయిలెట్ ఉండాల్సిందేనా?

మా ఇంట్లో ఇది చర్చకే రాలేదు. ఈ సైజులో వచ్చేది వెట్ బాత్: షవర్, కమోడ్ ఒకే చిన్న గదిలో. స్నానమయ్యాక అంతా తుడుచుకోవాలి, మన ఊళ్ళో బాత్రూమ్‌లానే. టాయిలెట్ పక్కన చెంబుకి చోటుందో లేదో చూసి కొన్నది నేనొక్కణ్ణే అనుకోను.

సెకండ్‌హ్యాండ్‌లో ఏం చూడాలి?

నీళ్ళ మరకలు, అంతే. మిగతావన్నీ బాగు చేయించుకోవచ్చు. మూలల్లో, కిటికీల కింద, పరుపు కింది అరల్లో వేళ్ళతో గట్టిగా నొక్కండి. మెత్తగా దిగితే లోపల చెక్క పుచ్చినట్టే, ధర ఎంత తగ్గించినా వచ్చేయండి. రూమ్ ఫ్రెషనర్ వాసన గుప్పున కొడితే నాకు అనుమానం. టైర్ల మీద నాలుగు అంకెల తేదీ ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. అరుగుదల కనిపించకపోయినా ఐదారేళ్ళు దాటితే మార్చే లెక్కలో బేరం ఆడండి.

డీలర్ "మీ కారు ఏదైనా లాగేస్తుంది సార్" అంటున్నాడు. నిజమేనా?

నాకూ అదే చెప్పారు, 5,000 పౌండ్ల ట్రైలర్ చూపిస్తూ. కారు తలుపు తీసి స్టిక్కర్ చూపిస్తే మాట మార్చారు. స్టిక్కర్ ఫోటో ఫోన్లో పెట్టుకుని వెళ్ళండి.

## రోడ్డు మీద

ట్రైలర్ ఊగుతుందట కదా? అదే టెన్షన్.

భయపడాల్సిందే. మొదటి ట్రిప్‌లో నీళ్ళ కేసులు రెండు, కూలర్, వెనక పడక కింద పడేశాను. ఖాళీగా కనిపించిన చోటు అదే మరి. ఐ-40 హైవే మీద పెద్ద ట్రక్కొకటి దాటింది. అద్దంలో చూస్తే ట్రైలర్ కుడికీ ఎడమకీ తోకాడిస్తోంది, స్టీరింగ్ నా చేతిలో ఉన్నా కారు నా మాట వినడం లేదు. వెనక సీట్లో అమ్మ ఆంజనేయ దండకం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, బ్రేక్ కంట్రోలర్ మీటని చేత్తో నొక్కాను. ట్రైలర్ బ్రేకులు మాత్రమే పట్టి అది దారికి వచ్చింది. అలాంటప్పుడు కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పకూడదు.

కారణం వెనక పెట్టిన బరువే. ముక్కు మీద బరువు 10 శాతం లోపుకు పడిపోతే ట్రైలర్ ఊగడం మొదలెడుతుంది. బరువైనవన్నీ ఇరుసుకి ముందు, కింద పెట్టండి. ఊగడం తగ్గించే స్వే బార్‌లు, ముక్కు బరువుని ఇరుసులన్నిటికీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌లు అమ్ముతారు. కొన్ని కార్లకు వాటిని వాడొద్దని మాన్యువల్లోనే ఉంటుంది, చూసి కొనండి.

బరువు ఎక్కడ తూయించాలి?

ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని లారీలు తూచే కాటా ఉంటుంది. పెద్ద ఖర్చేం కాదు. అందరూ ఎక్కి, సామాను నింపి ఒకసారి, ట్రైలర్ విప్పేసి కారు ఒక్కటే ఒకసారి తూయించండి. రెండు మొత్తాల తేడా ట్రైలర్ బరువు. కారు రెండు ఇరుసుల మీద ట్రైలర్ తగిలించినప్పుడు పెరిగిన బరువు టంగ్ వెయిట్.

ఎంత స్పీడులో పోవాలి? మైలేజ్ ఎంతొస్తుంది?

కొన్ని ట్రైలర్ టైర్లు 65 మైళ్ళకే చేసినవి. నేను 60 దాటను. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగేవాళ్ళకు చట్టమే 55. మా హైబ్రిడ్ మామూలుగా గ్యాలన్‌కి 34 మైళ్ళు ఇస్తుంది, ట్రైలర్‌తో 16.

కొలరాడో కొండలు ఎక్కుతుందా?

టర్బో లేని ఇంజిన్‌కి ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ సుమారు 3 శాతం శక్తి తగ్గుతుంది. డెన్వర్ పడమట ఐ-70 మీద ఐసెన్‌హవర్ టన్నెల్ 11,000 అడుగుల ఎత్తులో ఉంది. అంటే మూడో వంతు శక్తి పోయినట్టే. ఎక్కేటప్పుడు కుడి లేన్‌లో 40లో పోతే సిగ్గేం లేదు. దిగేటప్పుడు తక్కువ గేర్‌లో పెట్టండి, బ్రేకు మీద కాలు వేసి ఉంచకండి.

గ్లేసియర్ పార్కులో ట్రైలర్‌తో కొండ దారి వెళ్ళొచ్చా?

గోయింగ్-టు-ది-సన్ రోడ్డు మీద అవలాంచ్ క్యాంప్‌గ్రౌండ్, రైజింగ్ సన్ మధ్య 21 అడుగులు దాటిన బండిని పోనివ్వరు. కారూ ట్రైలరూ కలిపి ఆ కొలతలో ఇమడవు. ట్రైలర్ క్యాంప్‌గ్రౌండ్‌లో వదిలేసి కారులో వెళ్ళండి.

న్యూజెర్సీ నుంచి వర్జీనియా వెళ్తుంటే బల్టిమోర్ టన్నెల్లో ఆపుతారట?

ఐ-95 మీది ఫోర్ట్ మెక్‌హెన్రీ, ఐ-895 మీది హార్బర్ టన్నెల్ రెండింట్లోనూ 10 పౌండ్లు దాటిన ప్రొపేన్ సిలిండర్‌కి అనుమతి లేదు. ట్రైలర్ ముక్కు మీద ఉండేది 20 పౌండ్ల గ్యాస్ పట్టేది. ఇదివరకు కీ బ్రిడ్జి మీదుగా తప్పించుకునేవాళ్ళం, 2024 మార్చిలో ఓడ గుద్ది అది కూలిపోయింది. ఇప్పుడు ఐ-695 మీద ఊరికి పడమటి వైపు చుట్టు తిరిగి వెళ్ళాలి.

రివర్స్ చేయడం నేర్చుకోడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

ఆదివారం పొద్దున ఖాళీ చర్చి పార్కింగ్ లాట్‌లో కాదు, వాళ్ళకి ఆరోజే రద్దీ. శనివారం ఏ స్కూల్ లాట్‌లోనో రెండు గంటలు చాలు. చెయ్యి స్టీరింగ్ కింది భాగంలో పెట్టుకోండి. ట్రైలర్ ఎటు పోవాలో చెయ్యి అటు జరపండి. ట్రైలర్ పొట్టిదయ్యేకొద్దీ చటుక్కున తిరుగుతుంది, కాబట్టి నెమ్మదిగా. దిగి చూడటానికి మొహమాటపడకండి.

## క్యాంప్‌గ్రౌండ్‌లో

ఏసీ, ఇండక్షన్ స్టవ్ కలిపి వాడితే కరెంట్ పోతోంది. ఎందుకు?

30 ఆంప్స్ కనెక్షన్ అంటే 3,600 వాట్లే. ఏసీ 1,500, ఇండక్షన్ 1,800, దానికి తోడు గీజర్ వేస్తే బ్రేకర్ పడుతుంది. అన్నం వండే పావుగంట ఏసీ ఆపుకోండి.

లోపల పోపు పెట్టొచ్చా?

మొదటిసారి ఎండుమిర్చి వేయగానే పొగకి అలారం మోగింది. రాత్రి తొమ్మిదిన్నర, పక్క సైటాయన టార్చి వేసుకుని వచ్చాడు. అప్పటి నుంచి పోపు బయటే, మడత బల్ల మీద చిన్న గ్యాస్ స్టవ్‌తో. ఇంకోటి, గుడ్డ పరదాలకీ పరుపులకీ పట్టిన ఇంగువ వాసన అమ్ముకునేటప్పుడు ధర తగ్గిస్తుంది. ఎలుగుబంట్లున్న చోట పచ్చడి సీసా కూడా బల్ల మీద వదలకండి.

## తిరిగొచ్చాక

చలికాలం ఏం చేయాలి?

గడ్డ కట్టే చలి రాకముందే ట్యాంకులు, గీజర్ ఖాళీ చేసి, పైపుల్లోకి ఆర్‌వీల (ఇలాంటి బండి ఇళ్ళ) కోసం అమ్మే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ఎక్కించాలి. కార్ల రేడియేటర్లో పోసేది విషం, పొరపాటున అది పోయకండి. బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టుకోండి. అరల్లో బియ్యపు గింజ కూడా మిగలకుండా ఊడ్వండి. ఒక ఏడాది మరమరాల ప్యాకెట్ మరిచిపోయాం. మార్చిలో తలుపు తీసేసరికి ఎలుక సకుటుంబంగా కాపురం పెట్టింది, మాకంటే ఎక్కువ రాత్రులు ఆ ట్రైలర్‌లో పడుకున్నది అదే.